విన్న మాట ఎక్కడికి చేరాలి: మా యువ బృందం ప్రాజెక్టు డైరీ

పిల్లల మీద హింసను ఆపే పనిలో యువతకి చోటుండాలని నేను గట్టిగా నమ్ముతాను. టీనేజిలోకి వచ్చిన పిల్లలు తమకు జరిగినదాన్ని మొదట చెప్పుకునేది చాలాసార్లు తోటి స్నేహితులకే. ఆ విన్నవాళ్లకి ఏం చేయాలో తెలియకపోతే మాట అక్కడే ఆగిపోతుంది. లేదంటే పదిమంది నోళ్లలో పడుతుంది. ఈ రెండూ జరగకుండా, విన్న మాట సరైన పెద్దవాళ్ల దాకా చేరాలి. మా ప్రాజెక్టు ఇంతవరకే.

బృందంలో పదిహేనేళ్ల నుంచి ఇరవై రెండేళ్ల దాకా వయసున్నవాళ్లు ఉన్నారు. సమన్వయం నేను చూస్తున్నాను. ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునేవాళ్లకి పనికొస్తాయని ఎప్పటికప్పుడు రాసుకున్నవి ఇక్కడ పెడుతున్నాను. ఏ పిల్లనైనా, పిల్లవాడినైనా గుర్తుపట్టే వీలున్న చిన్న సంగతిని కూడా తీసేశాను.

ముందు పెద్దవాళ్ల పని

మొదటి సమావేశాలకి యువతను పిలవలేదు. కావాలనే పిలవలేదు. ఒక పిల్ల వచ్చి చెప్పిందనుకుందాం. విన్న కుర్రాడు అప్పుడు ఎవరి దగ్గరికి పరుగెత్తాలి? దీనికి జవాబు సిద్ధంగా లేకుండా "ధైర్యంగా చెప్పండి" అని గోడల మీద పోస్టర్లు అంటించడం అన్యాయం. ఒకసారి చెప్పి, ఏమీ జరగకపోతే, ఆ పిల్ల మళ్లీ చాలా ఏళ్లు నోరు విప్పదు.

అందుకని ముందు బాధ్యత తీసుకునే ఇద్దరు పెద్దవాళ్లని ఎంచుకున్నాం. ఒకరు దొరక్కపోతే ఇంకొకరు. వాళ్ల నంబర్లు, పిల్లల హెల్ప్‌లైన్, బాలల సంరక్షణ చూసే ఆఫీసు, పోలీసులు, వైద్య పరీక్ష చేసే ఆసుపత్రి, కౌన్సిలర్, అన్నీ ఒకే కాగితం మీదికి తెచ్చాం. ప్రతి నంబరుకీ ఫోన్ చేసి చూశాం. కొన్నిటికి ఎవరూ ఎత్తలేదు. వాటిని కొట్టేశాం. రాత్రిపూట, సెలవు రోజుల్లో ఎవరు ఎత్తుతారో పక్కన రాశాం. ఫిర్యాదు ఎవరు చేయాలి, ఎంత సమయంలో చేయాలి అన్నది ఒక్కో దేశపు చట్టాన్ని బట్టి మారుతుంది కాబట్టి మా ఇద్దరు పెద్దవాళ్లూ తమకు వర్తించే చట్టాన్ని ఒక లాయరుని పక్కన కూర్చోబెట్టుకుని చదివారు.

తర్వాత వాలంటీర్లకి నియమాలు రాశాం. చిన్నపిల్లలతో ఒంటరిగా తలుపు మూసిన గదిలో కూర్చోకూడదు. వాళ్లకి విడిగా మెసేజీలు పెట్టకూడదు. ఫొటోలు తీయకూడదు. బహుమతులు ఇవ్వకూడదు. బృందంలో చేరే ప్రతి ఒక్కరి గురించీ వాళ్లని బాగా తెలిసినవాళ్లని అడిగి తెలుసుకోవాలి. దీనికి ఒకబ్బాయి నొచ్చుకున్నాడు. "అంటే మమ్మల్నే అనుమానిస్తున్నారా మేడమ్?" అన్నాడు.

నేను చెప్పింది ఇది. పిల్లల్ని వేధించేవాళ్లలో ఎక్కువమంది ఆ పిల్లలకి ముందే తెలిసినవాళ్లు. వాళ్లందరూ పెద్దవాళ్లే కారు, కాస్త వయసెక్కువున్న పిల్లలూ ఉంటారు. నమ్మకం సంపాదించగల చోటుకి రావాలని చూసేవాళ్లు కూడా ఉంటారు. "ఎవరైనా సరే ఈ హద్దు దాటకూడదు" అని పిల్లలకి నేర్పబోతున్నాం. ఆ నియమం ముందు మనకి వర్తించాలి. అబ్బాయి ఒప్పుకున్నాడు. తర్వాత ఆ నియమాల కాగితాన్ని కొత్తవాళ్లకి చదివి వినిపించే పని తనే తీసుకున్నాడు.

నిచ్చెన

యువత వచ్చాక మొదటి రోజు రోజర్ హార్ట్ 1992లో యునిసెఫ్ కోసం రాసిన 'భాగస్వామ్య నిచ్చెన'ను బోర్డు మీద గీశాం. పెద్దవాళ్ల పనుల్లో పిల్లలకి నిజంగా ఎంత చోటుందో మెట్లుగా చూపించే బొమ్మ అది. ఎనిమిది మెట్లు. కింది మూడు మెట్లని ఆయన భాగస్వామ్యంగానే లెక్కపెట్టలేదు. పిల్లల్ని తమ అవసరానికి వాడుకోవడం, అలంకారానికి నిలబెట్టడం, పేరుకి మాత్రం చోటివ్వడం ఆ మూడు.

ఒకమ్మాయి లేచి, "ఒక సభలో నా చేతికి ప్లకార్డు ఇచ్చి ముందు వరసలో నిలబెట్టారు. సభ దేని గురించో నాకు ఇంటికొచ్చాక తెలిసింది. నేను ఏ మెట్టు మీదున్నట్టు?" అంది. కింది మూడు మెట్లలోదే. ఇది విన్నాక మిగతావాళ్లు కూడా తమ అనుభవాలు చెప్పారు. దాదాపు అందరివీ కింది మెట్లే.

దాంతో ఏ నిర్ణయం ఎవరిదో తేల్చుకున్నాం. సెషన్లలో ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి, డబ్బు దేనికి ఖర్చుపెట్టాలి, ఏది ఆపేయాలి అన్నవి యువత చేతిలో ఉంటాయి. ఒక పిల్లకి హాని జరిగిందని తెలిస్తే ఆ తర్వాతి బాధ్యత మొత్తం పెద్దవాళ్లది. 1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం పిల్లల మాట వినమంటుంది, 19వ అధికరణం అన్ని రకాల హింస నుంచీ వాళ్లని కాపాడమంటుంది. పదిహేడేళ్ల వాలంటీరు కూడా ఆ ఒడంబడిక ప్రకారం చైల్డే. అతని మాట వినాలి, అతన్ని కాపాడాలి కూడా. ఒక కేసు బరువంతా అతని నెత్తిన పెట్టడం 19వ అధికరణానికే విరుద్ధం అని నా అభిప్రాయం.

"ఎవరికీ చెప్పనని ప్రామిస్ చెయ్"

ఎక్కువ సమయం పట్టింది దీనికే. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు పన్నెండేళ్ల పిల్లగా, ఒకరు వాలంటీరుగా నటిస్తారు. ఏం జరిగిందో వివరాలు అసలు అక్కర్లేదని ముందే చెప్పాం. ఎవరికైనా ఇబ్బందిగా అనిపిస్తే కారణం చెప్పకుండా బయటికి వెళ్లొచ్చు. కౌన్సిలర్ పక్క గదిలో ఉంటారు. ఇంతమంది కూర్చున్న చోట ఇలాంటిది స్వయంగా అనుభవించినవాళ్లు ఉండే అవకాశం ఎక్కువ. 2 నుంచి 17 ఏళ్ల లోపు పిల్లల్లో ఏటా 100 కోట్ల మంది దాకా ఏదో ఒక రకమైన హింసకో నిర్లక్ష్యానికో గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పిల్లగా నటిస్తున్న అమ్మాయి చాలాసేపు తల వంచుకుని చున్నీ కొసను చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత అంది, "అక్కా, ఎవరికీ చెప్పనని ప్రామిస్ చేస్తేనే చెప్తా."

"సరే, ప్రామిస్" అనేసింది అవతలి అమ్మాయి, ఒక్క క్షణం కూడా ఆగకుండా.

అక్కడ ఆపాం. తర్వాత కూర్చున్నవాళ్లు కూడా వరసగా అదే మాట అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ ఆ మాట ఇచ్చాక రెండే దార్లు మిగులుతాయి. మాట నిలబెట్టుకుంటే హాని ఆగదు. మాట తప్పితే పిల్ల నమ్మకం పోతుంది. కాబట్టి ప్రామిస్ చేయకుండా, పిల్ల లేచి వెళ్లిపోకుండా ఏం అనాలి?

బృందం చాలా వాక్యాలు రాసింది, కొట్టేసింది. చివరికి నిలిచింది ఇది: "నువ్వు చెప్పేది నలుగురిలో చెప్పను. కానీ నీకు ఎవరైనా హాని చేస్తుంటే, దాన్ని ఆపగలిగే ఒక్కరికి మాత్రం చెప్పాలి. ఎవరికి చెప్తానో ముందు నీకే చెప్తా. నీ పక్కనే ఉంటా."

దీన్ని నోటికి వచ్చేదాకా సాధన చేశారు. పుస్తకంలో వాక్యం చదవడం వేరు, ఎదురుగా ఒక పిల్ల ఏడుస్తుంటే అది నోట్లోంచి రావడం వేరు.

తర్వాతి మాటలూ అలాగే సాధన చేశాం. "నువ్వు చెప్పి మంచి పని చేశావు." "ఇందులో నీ తప్పు లేదు." "నేను నమ్ముతున్నాను." వద్దనుకున్నవి కూడా రాసుకున్నాం. "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అనకూడదు. 'ఎందుకు' అని మొదలయ్యే ఏ ప్రశ్నా వద్దు, పిల్లలకి అది నింద లాగే వినిపిస్తుంది. "వాడు ఇలా చేశాడా, అలా చేశాడా?" అని మనమే జవాబు అందించే ప్రశ్నలు అసలే వద్దు. చిన్నపిల్లలు పెద్దవాళ్లకి నచ్చే జవాబు చెప్పేస్తారు. రేపు విచారణలో పిల్ల సొంత మాటలేవో, మనం అందించినవేవో తేలకుండా పోతుంది.

ఒకబ్బాయి పళ్లు బిగించి, "ఆ చేసినవాడి దగ్గరికెళ్లి నిలదీయకూడదా?" అన్నాడు. ఆ కోపం నాకు అర్థమైంది. అయినా వద్దు. నిలదీస్తే అతను జాగ్రత్తపడతాడు, పిల్లని బెదిరిస్తాడు, సాక్ష్యాలు చెరిపేస్తాడు. ఆ రాత్రి పిల్ల అదే ఇంట్లో ఉండాల్సి రావచ్చు. వాలంటీరు చేయాల్సింది వినడం, పిల్ల వాడిన మాటలు వాడినట్టే రాసుకోవడం, ఆ రోజే ఇద్దరు పెద్దవాళ్లలో ఒకరికి చేర్చడం. అక్కడితో అతని వంతు అయిపోతుంది. ఈ మాట అన్నాక కుర్రాళ్ల భుజాలు కాస్త దిగాయి. తమని హీరోలు కమ్మని ఎవరూ అడగట్లేదని తెలిశాక వాళ్ల టెన్షన్ తగ్గింది.

మన చేయి ఎక్కడిదాకా

ప్రపంచ ఆరోగ్య సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి 2016లో 'ఇన్‌స్పైర్' పేరుతో పిల్లల మీద హింసను ఆపడానికి ఏడు మార్గాలు ప్రకటించింది. చట్టాల అమలు, సమాజపు పద్ధతులు మార్చడం, సురక్షితమైన పరిసరాలు, తల్లిదండ్రులకి తోడ్పాటు, కుటుంబ ఆదాయం, బాధితులకి సేవలు, చదువు–జీవన నైపుణ్యాలు. వీటిలో మనం చేయగలిగినవి ఏవని అడిగితే అందరూ మొదట చదువు అన్నారు. చర్చ సాగాక పరిసరాలు, పద్ధతులు కూడా వచ్చాయి. ఆదాయం, చట్టం మన చేతుల్లో లేవని పక్కన పెట్టాం.

పరిసరాల పని త్వరగానే అయింది. పిల్లలే తాము తిరిగే చోట్ల బొమ్మ గీసి, భయం లేనిచోట ఆకుపచ్చ, భయం వేసేచోట ఎరుపు వేశారు. మరుగుదొడ్ల దారి, మెట్ల వెనక మూల, లైటు వెలగని నడవ ఎరుపుగా వచ్చాయి. ఆ మూలల్ని పెద్దవాళ్లెవరూ ఊహించలేదు. పెద్దవాళ్లకి అవి ప్రమాదం అనిపించవు, ఎందుకంటే వాళ్లు అక్కడ ఒంటరిగా నిలబడరు. మ్యాపుని బాధ్యులకి ఇచ్చాం. లైటు వచ్చింది. మరుగుదొడ్డి తలుపుకి లోపల గడియ ఇంకా రాలేదు. అడుగుతూనే ఉన్నాం.

కొట్టడం గురించి

పద్ధతుల చర్చ ఇంత వేడెక్కుతుందని బృందంలో ఎవరూ అనుకోలేదు. లైంగిక వేధింపు తప్పని అందరూ ఒక్క గొంతుతో అంటారు. తమ్ముడిని చెంపదెబ్బ కొట్టడం? సగం మంది "అది హింసేంటి, క్రమశిక్షణ" అన్నారు. "మమ్మల్ని కొట్టారు కాబట్టే దారిలో పడ్డాం" అన్నారు.

వాదించి గెలవాలని చూడలేదు. ఒకటే అడిగాను: దెబ్బ తిన్న రోజు మీకు ఏం తప్పు చేశామన్నది గుర్తుందా, దెబ్బ గుర్తుందా? చాలామందికి దెబ్బే గుర్తుంది. ఒకబ్బాయికి చేసిన తప్పేమిటో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

స్వీడన్ సంగతి చెప్పాను. 1979లో పిల్లల్ని కొట్టడాన్ని, ఇంట్లో కొట్టడం సహా, పూర్తిగా నిషేధించిన మొదటి దేశం అది. చట్టం చేసి ఊరుకోకుండా, ఆ సమాచారాన్ని పాల డబ్బాల మీద అచ్చు వేశారు. తల్లిదండ్రులూ పిల్లలూ ఒకే బల్ల దగ్గర కూర్చుని చదువుకునేలా. ఇప్పుడు 60కి పైగా దేశాల్లో అలాంటి పూర్తి నిషేధం ఉంది. పాల డబ్బా ఆలోచన బృందానికి బాగా నచ్చింది. ఇంటిల్లిపాదీ రోజూ చూసే వస్తువు మీద ఏం రాయొచ్చని వెంటనే లెక్కలు మొదలుపెట్టారు.

నాకు ఈ చర్చ ఎందుకు ముఖ్యమంటే, దెబ్బలకి అలవాటుపడిన పిల్ల తన ఒంటి మీద వేరేవాళ్లకి హక్కుందని అనుకోవడం మొదలుపెడుతుంది. "ఒద్దు" అనే మాట ఇంట్లో చెల్లకపోతే బయట ఎలా చెల్లుతుంది?

చూసినవాళ్లు

డార్లీ, లాటానే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1968లో ప్రచురించిన ప్రయోగం గురించి మాట్లాడుకున్నాం. పక్క గదిలో ఒకరికి ఫిట్స్ వచ్చినట్టు వినిపిస్తుంది. తానొక్కరే విన్నానని అనుకున్నవాళ్లలో 85 శాతం సాయం కోసం కదిలారు. ఇంకో నలుగురు వింటున్నారని అనుకున్నవాళ్లలో కదిలింది 31 శాతమే.

"మా క్లాస్ గ్రూప్ కూడా ఇంతే మేడమ్" అంది ఒకమ్మాయి. ఒక పిల్ల ఫొటోని వెక్కిరిస్తూ పెడితే అందరూ చూస్తారు, ఎవరో ఒకరు ఆపుతారులే అనుకుంటారు, ఎవరూ ఆపరు. అందరి ముందూ గొడవకి దిగే ధైర్యం అందరికీ ఉండదు. మరి దిగకుండా ఏం చేయొచ్చు? మాట మార్చొచ్చు. ఆ పిల్లకి విడిగా "చూశాను, నీతో ఉన్నాను" అని ఒక్క మెసేజ్ పెట్టొచ్చు. పెద్దవాళ్లకి చెప్పొచ్చు. పిల్లల నగ్న చిత్రమైతే మాత్రం సాక్ష్యం కోసమని కూడా సేవ్ చేయకూడదు, స్క్రీన్‌షాట్ తీయకూడదు, ఎవరికీ పంపకూడదు. ఖాతా పేరు, తేదీ, ఎక్కడ చూశారు అన్నవి కాగితం మీద రాసి వెంటనే పెద్దవాళ్లకి ఇవ్వాలి.

ఫోన్

ఈ భాగాన్ని పూర్తిగా యువతే తయారుచేసింది. నాకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. వలలో వేసుకునేవాళ్లు ఎలా నడిపిస్తారో వాళ్లు వరసగా చెప్పారు. గేమ్‌లో పరిచయం, పొగడ్తలు, "మీ ఇంట్లోవాళ్లు నిన్ను అర్థం చేసుకోరు" అనే సానుభూతి, అక్కణ్నుంచి వేరే యాప్‌లోకి రమ్మనడం, "ఇది మన మధ్యే" అనడం, ఫొటో అడగడం, చివరికి బెదిరింపు. "వేరే యాప్‌కి రమ్మన్నప్పుడే ఆగాలి" అని పోస్టర్ మీద పెద్దక్షరాలతో రాసింది వాళ్లే. అబ్బాయిలకి కూడా ఇదే జరుగుతుందని, డబ్బు కోసం బెదిరించే మోసాల్లో ఎక్కువగా చిక్కేది వాళ్లేనని కూడా చెప్పాలన్నారు. చెప్పాం.

ఫొటో బయటికి వెళ్లిపోయిందంటే అంతా అయిపోయినట్టు కాదని తెలియాలి. పద్దెనిమిదేళ్ల లోపు తీసిన చిత్రాల కోసం 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం అమెరికాలో పనిచేసే ఎన్‌సీఎంఈసీ అనే సంస్థ నడుపుతోంది, ఏ దేశం నుంచైనా వాడొచ్చు. చిత్రం ఫోన్ దాటి వెళ్లదు. దాని నుంచి లెక్కగట్టిన ఒక కోడ్ మాత్రమే వెళ్తుంది. ఆ సేవలో చేరిన కంపెనీలు ఆ కోడ్‌తో సరిపోయే చిత్రాల్ని తమ వేదికల మీద గుర్తించి తీసేయగలవు. పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప కంపెనీ కూడా చూడలేని ఎన్‌క్రిప్టెడ్ చాట్లలో ఇది పనిచేయదని కూడా పిల్లలకి దాచకుండా చెప్పాం. బెదిరించేవాడికి డబ్బు కట్టొద్దు, ఇంకో ఫొటో పంపొద్దు, చాట్ చెరిపేయొద్దు, నమ్మే పెద్దవాళ్లకి చెప్పాలి.

పిల్లలతో, ప్రశ్నల పెట్టె

చిన్నపిల్లల సెషన్లు మొదలయ్యాయి. ప్రతి పిల్లా తన అరచేతిని కాగితం మీద గీసి, వేళ్ల మీద తను నమ్మే పెద్దవాళ్ల పేర్లు రాయాలి. కనీసం ఒకరు ఇంటి బయటివాళ్లై ఉండాలి. మొదటివాళ్లు వినకపోతే రెండోవాళ్లకి, వాళ్లూ వినకపోతే మూడోవాళ్లకి చెప్పాలి. కొందరు పిల్లలు ఐదు వేళ్లూ చకచకా నింపేశారు. ఒక బాబు ఒక్క వేలి దగ్గరే పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాడు. వాలంటీరు అతన్ని తొందరపెట్టకుండా పక్కన కూర్చుంది. సెషన్ అయ్యాక ఆ సంగతి మా పెద్దవాళ్లలో ఒకరికి చెప్పింది. ఎవరూ ఏమీ ఊహించలేదు. అతనికి రెండో వేలు మీద రాసుకోవడానికి ఒక మనిషి దొరికేలా చూడాలని మాత్రం అనుకున్నారు.

పేరు రాయకుండా చీటీ వేసే పెట్టె పెట్టాం. చీటీల్లో రెండు ప్రశ్నలు మళ్లీ మళ్లీ వచ్చాయి. "చుట్టాలు ముద్దు పెడుతుంటే నాకు నచ్చదు. వద్దంటే అమ్మ తిడుతుంది. నాదే తప్పా?" "ఫోన్‌లో ఏదైనా అయ్యిందని చెప్తే ఫోన్ లాక్కుంటారు కదా?"

రెండోదాని దగ్గర బృందం చాలాసేపు ఆగిపోయింది. చెప్పినందుకు శిక్ష పడుతుందని పిల్లలు లెక్క వేసుకుంటున్నారు, ఆ లెక్క తప్పు కూడా కాదు. పిల్లలకి ఎంత ధైర్యం నూరిపోసినా అవతల తల్లిదండ్రులు మారకపోతే ఇది తెగదు.

ఒక మాట చేరింది

వివరాలు రాయను. ఒకరు ఒక వాలంటీరుకి చెప్పారు. వాలంటీరు ప్రామిస్ చేయలేదు, సాధన చేసిన మాటలే చెప్పింది. అదే రోజు మా పెద్దవాళ్లకి అందింది. వాళ్లు అధికారులకి చేర్చారు. తర్వాత ఆ వాలంటీరుని కౌన్సిలర్ దగ్గర కూర్చోబెట్టాం. కేసు ఏమైందని ఆమె అడిగింది. పిల్ల ఇప్పుడు క్షేమంగా ఉందని మాత్రం చెప్పాం. అంతకు మించి తెలుసుకోవడం ఆమె బాధ్యత కాదు, ఆ పిల్ల గోప్యత కూడా ముఖ్యమే. కొన్నాళ్లు సెషన్లకి రానంది. సరే అన్నాం. తిరిగి వచ్చింది, ఇప్పుడు మ్యాపుల పని చూస్తోంది.

ఇప్పుడు ఎక్కడున్నాం

ఈ ప్రాజెక్టు పనిచేస్తోందా అని డబ్బిచ్చినవాళ్లు అడుగుతున్నారు. వచ్చిన ఫిర్యాదుల సంఖ్యతో కొలవొద్దని వాళ్లకి రాశాం. చెప్పే దారి తెరుచుకున్న కొత్తలో సంఖ్య పెరగడమే సహజం. దాన్ని వైఫల్యంగా చూస్తే ఏ సంస్థ అయినా దాచిపెట్టడం మొదలుపెడుతుంది. మేం చూసేవి వేరు. పిల్లలకి తాము చెప్పుకోగల ముగ్గురు పెద్దవాళ్ల పేర్లు తెలుసా, విన్న మాట అదే రోజు చేరిందా, వాలంటీర్లు ఎవరైనా ఒంటరిగా బరువు మోస్తున్నారా.

ఫోన్ నంబర్ల కాగితాన్ని మళ్లీ మొదటి నుంచీ ఫోన్ చేసి సరిచూసే పని ఇద్దరు కొత్త వాలంటీర్లకి ఇచ్చాం. తల్లిదండ్రుల సమావేశానికి ఒక పేజీ ఒప్పందం రాస్తున్నారు, యువతే రాస్తోంది. అందులో మొదటి అంశం, పిల్ల వచ్చి చెప్పినప్పుడు ఫోన్ లాక్కోకూడదని. రెండోది, ముద్దు వద్దన్న పిల్లని తిట్టకూడదని. మూడోది కొట్టడం గురించి, దాని మీద బృందంలోనే ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు. వచ్చే శనివారం మళ్లీ కూర్చుంటున్నాం.